నాన్న అంబాసిడర్‌ని కోయించవచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం అంబాసిడర్ గురించే. మిగతావాటిలో ఎక్కువ రంగు గురించి. వానాకాలం కదా, ఏటా జులైలో ఇంతే. కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మా బాపుకి రాణిగంజ్ వెనక సందులో రేకుల షెడ్డు ఉండేది. ముప్ఫై ఏళ్ళపాటు అందులో ఫియట్లు, అంబాసిడర్లు, స్టాండర్డ్ హెరాల్డులు బాగుచేశాడు. నేను డ్రాయింగ్ ఆఫీసులో నక్షలు గీసి రిటైరయ్యాను. ఇప్పుడు మౌలాలిలోని మా ఇంటి వాకిట్లో 1968 ఫియట్ డిలైట్ ఒకటి ఉంది, డాబా మీద గదిలో నేను కట్టిన మోడల్ కార్లు అరవై ఏడు ఉన్నాయి.

అక్కా, మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 పదకొండేళ్ళుగా షెడ్డులోనే ఉంది. ఆయన పోయాక ఎవరమూ బయటికి తీయలేదు. అమెరికాలో ఉన్న మా పెద్దనాన్న కొడుకు హాట్ రాడ్ కార్ల ఫొటోలు పంపాడు. పైకప్పు కిందికి దించి, బానెట్ తీసేసి, వెనక వెడల్పాటి టైర్లు వేసి మన బండినీ అలా చేయించాలని ఉంది. మాకు తెలిసిన ఒక మిస్త్రీ చేస్తానంటున్నాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?
– ఓ పాఠకుడు, వనస్థలిపురం

తమ్ముడూ, కోయించకండి. ముందు ఈ మాట చెప్పేసి కారణాలు తర్వాత చెబుతాను. పత్రిక మీ చేతికి వచ్చేలోపు ఆయన కట్టర్ పడతాడేమోనని నా భయం.

మీ కోరికను మాత్రం తప్పుపట్టను. హాట్ రాడ్ అంటే వేగం కోసం కోసి మార్చుకున్న పాత కారు. అది డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పుట్టింది కాదు. 1932లో ఫోర్డ్ కంపెనీ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌ని మామూలు మనిషి కొనగలిగిన కారులో పెట్టింది. ఇంజన్ 221 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 3,600 సీసీ పైచిలుకు. శక్తి 65 హార్స్‌పవర్. కొన్నేళ్ళకి అవే కార్లు సెకండ్ హ్యాండ్‌లో చవకయ్యాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు వాటిని కొని, మడ్‌గార్డులు, బానెట్, బంపర్లు పీకి బరువు తగ్గించుకునేవారు. ఊరికి దూరంగా మురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సులు ఉండేవి. వాటి అడుగున నేల బల్లలా గట్టిగా ఉంటుంది. అక్కడ ఎవరి బండి ఎంత వేగం అందుకుంటుందో చూసుకునేవారు. 1937లో సంఘం పెట్టుకున్నారు. యుద్ధం ముగిశాక సైన్యంలో యంత్రాల పని నేర్చుకున్నవాళ్ళు ఇళ్ళకొచ్చి చేరడంతో ఈ పిచ్చి దేశమంతా పాకింది. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పేరుతోనే పత్రిక మొదలైంది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మా బాపు షెడ్డే గుర్తొస్తుంది. సామాను దొరకని రోజులవి. గురువారం వస్తే జుమేరాత్ బజార్‌కి పోయి, పాత ఇనుము కుప్పల్లో గంటలకొద్దీ వెతికి, ఒక డైనమోనో ఒక డోరు హ్యాండిలో సంచిలో వేసుకుని వచ్చేవాడు. ఒక బండి గేరు రాడ్డు ఇంకో బండికి సరిపోయేలా లేతు మీద తిప్పించేవాడు. చేతిలో ఉన్నదాంతోనే బండిని నడిపించాలన్న ఆ పట్టుదల కాలిఫోర్నియా కుర్రాళ్ళదీ, మా బాపుదీ ఒక్కటే. కాని బాడీ మీద మాత్రం ఆయన ఎప్పుడూ రంపం పెట్టలేదు. అందుకు కారణం ఉంది.

1932 ఫోర్డ్‌కి కింద ఇనుప ఛాసీ వేరు, పైన బాడీ వేరు. బాడీని ఎంత కోసినా కింద ఎముక చెక్కుచెదరదు. అంబాసిడర్ అలా కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి అది. దాని ఒళ్ళే దాని ఎముక. నేల రేకు, డోర్ల కింది గట్లు, నిలువు స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. వీటిలో ఒకటి కోస్తే బండి నడుము విరిగినట్టే. ఇక పైకప్పు దించడమంటారా, 1932 ఫోర్డ్ స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి. మూడంగుళాలు కోసి దించితే పైముక్క వచ్చి దాదాపు అదే చోట కూర్చుంటుంది. అంబాసిడర్ స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి, కప్పు గుండ్రం. కోసి దించితే ఏ అంచూ ఏ అంచుకీ కలవదు. ముందు అద్దం వంపు తిరిగిన టఫెన్డ్ గ్లాసైతే దాన్ని కోయడం ఎవరి తరమూ కాదు, కట్టర్ తగలగానే పప్పుగింజల్లా రాలిపోతుంది. ఆ మిస్త్రీని ఈ అద్దం సంగతే అడిగి చూడండి. ఏం జవాబు చెబుతాడో, ఆయన పని ఎలాంటిదో మీకే అర్థమవుతుంది.

చట్టమూ ఒప్పుకోదు. కంపెనీ చేసిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగానే చెప్పింది. మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసీలోనూ బాడీలోనూ ఇంజన్‌లోనూ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ఆ కింద రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. కొత్త నంబరైతే రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్ళడానికీ, కిరాయికి తిప్పడానికీ వీల్లేదు. ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తీయవచ్చు. మీది 1972 బండి, 50 ఏళ్ళు దాటింది. మీ నాన్నగారి పాత ఏపీ నంబరు పలకతో మళ్ళీ రోడ్డెక్కే అర్హత దానికి ఉంది. ఒక్కసారి కోయించారా, ఆ అర్హత పోతుంది.

కాబట్టి బండిని నిద్ర లేపడం దగ్గర మొదలుపెట్టండి. పదకొండేళ్ళు నిలబడిన ఇంజన్‌కి బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకండి. పిస్టన్ రింగులు బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, పట్టేసి ఉంటాయి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందునుంచి హ్యాండిల్ వేసి చేత్తో తిప్పండి. తిరిగితే సగం గండం గడిచినట్టే. తిరక్కపోతే బలవంతం చేయకండి, మళ్ళీ ఆయిల్ పోసి ఆగండి. బాపు ఒక బండికి పద్దెనిమిది రోజులు ఇలా ఆయిల్ పట్టించి, పంతొమ్మిదో రోజున రెండు వేళ్ళతో తిప్పాడు. ఆ పద్దెనిమిది రోజులూ ఓనరు రోజుకోసారి వచ్చి గొడవపడేవాడు.

ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం దించేయండి. వార్నిష్ వాసన వస్తుంది, అది కార్బురేటర్‌లోకి పోకూడదు. బ్రేకు సిలిండర్లు, రబ్బరు గొట్టాలు చూసి ఆలోచించకుండా అన్నీ మార్చేయండి. ఆగని బండి కదలని బండికంటే ప్రమాదం. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. అందుకని పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కి ఆగే రకం వేయించండి. 2000లో సీసం కలిపిన పెట్రోలు పోయాక పాత ఇంజన్ హెడ్డుల్లో వాల్వు సీట్లు, అంటే వాల్వులు ఆనే అంచులు, అరుగుతాయని చాలామంది భయపెడతారు. నెమ్మదిగా నడిపే బండికి అది వెంటనే వచ్చే కష్టం కాదు. ఎప్పుడైనా హెడ్డు దించాల్సి వస్తే అప్పుడే గట్టి సీట్లు కొట్టించండి. ఇంకో సంగతి, ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి. బ్యాటరీ పెట్టేముందే చూడండి.

మరి మీ హాట్ రాడ్ కోరిక సంగతి? దానికి 1932 ఫోర్డ్ కిట్ కొనండి, ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ మోడల్ అది. రెవెల్, ఏఎంటీ కంపెనీలు రెండూ 1/25 సైజులో, అంటే అసలు బండిలో ఇరవై ఐదో వంతుగా, చేశాయి. ఏఎంటీ వాళ్ళు 1958 నుంచే ఒక్క డబ్బాలో మూడు రకాల బండికి సామాను పెట్టి అమ్మారు. ఫ్యాక్టరీలో పుట్టినట్టూ కట్టుకోవచ్చు, మన ఇష్టానికి మార్చీ కట్టుకోవచ్చు, రేసు బండిగానూ కట్టుకోవచ్చు. పైకప్పు మూడంగుళాలు దించడమంటే కిట్‌లో దాదాపు 3 మిల్లీమీటర్లు. స్తంభాల చుట్టూ సన్నటి టేపు అంటించి, టేపు అంచు వెంబడి నగిషీ రంపంతో నాలుగు స్తంభాలూ కోసి, ఆ 3 మిల్లీమీటర్లు తీసి, మళ్ళీ అతికించండి. మొదటిసారి నాకు ఎడమవైపు అర మిల్లీమీటరు ఎక్కువ తెగింది. కప్పు ఓరగా కూర్చుంది. మూడు రాత్రులు దాంతో కుస్తీ పట్టాను. కోత ఎంత కష్టమో ఆ 3 మిల్లీమీటర్ల దగ్గర మీకూ తెలిసొస్తుంది. షెడ్డులో నాన్నగారి బండి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

అమ్మా, మా మనవడు '409' అనే పాత అమెరికన్ పాట ఫోన్లో మళ్ళీ మళ్ళీ పెడుతున్నాడు. పాటంతా ఒక అంకె చుట్టూ తిరగడమేమిటి? కారు మీద పాట రాయడమేమిటి?
– ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారు, తార్నాక

మాస్టారూ, ఆ అంకె ఇంజన్ పేరు. షెవ్రొలే కంపెనీ చేసిన 409 క్యూబిక్ అంగుళాల వీ8. మన కొలతలో 6,700 సీసీ. అంబాసిడర్ ఇంజన్ 1,489 సీసీ, కాబట్టి నాలుగున్నర అంబాసిడర్లని ఒకే బానెట్ కింద పెట్టినట్టు. బీచ్ బాయ్స్ అనే బృందం 1962లో పాడిన పాట ఇది. ఆ ఇంజన్ ఉన్న కారు కొనాలని పైసా పైసా కూడబెట్టిన కుర్రాడి మాటలే పాటంతా. ఆ మరుసటి ఏడాది వాళ్ళే 'లిటిల్ డ్యూస్ కూప్' పాడారు. పేకలో రెండుని డ్యూస్ అంటారు. 1932లోని చివరి రెండు వల్ల ఆ ఏటి ఫోర్డ్‌కి ఆ ముద్దుపేరు వచ్చింది. ఆ పాటకి మాటలు రాసిన రోజర్ క్రిస్టియన్ రేడియోలో పాటలు వేసే మనిషి, కార్లంటే ప్రాణం. అందుకే బోరు పెద్దది చేయించడం, క్లచ్చి మార్చడం లాంటి షెడ్డు మాటలన్నీ పాటలోకి వచ్చేశాయి. రాణిగంజ్‌లో 'బోరు కొట్టించినం' అనే మాట ఏ అర్థంలో అంటారో అక్కడా అదే అర్థం.

ఇవి మొదటివి కావు. 1950లోనే 'హాట్ రాడ్ రేస్' అని ఒక పాట వచ్చింది, దానికి జవాబుగా 1955లో చార్లీ రయన్ 'హాట్ రాడ్ లింకన్' పాడాడు. మన అవధానుల్లో ఒకరు పద్యం విసిరితే ఇంకొకరు అందుకున్నట్టు, ఒక బండి పాటకి ఇంకో బండి పాట జవాబు.

కారు మీద పాట మనకి మాత్రం కొత్తా? 1957లో 'తోడికోడళ్ళు' సినిమాలో ఘంటసాల పాడిన 'కారులో షికారుకెళ్ళే' పాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆత్రేయగారి రచన. కారులో వెళ్ళే అమ్మాయిని, ఈ సుఖాలన్నీ ఎవరి చెమటతో వచ్చాయో తెలుసా అని అడుగుతాడు అందులో కథానాయకుడు. సరిగ్గా అంబాసిడర్ పుట్టిన ఏడాది అది. మన దగ్గర కారు మేడలో ఉండేవాళ్ళది, పాట రోడ్డు మీద నిలబడ్డవాడిది. అక్కడ రోడ్డు మీద నిలబడ్డవాడే పాత కారు కొని, చేతులకి గ్రీజు పూసుకుని, దాన్నే పాడుకున్నాడు. మీ మనవడికి రెండూ వరసగా వినిపించండి. రెండిట్లోనూ చెమట ఉంది.

నాకు ఆ 409 పాట మా చిన్న మేనమామ తెచ్చిన క్యాసెట్ వల్ల తెలిసింది. 1983లో అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. పాట మొదట్లో నిజం ఇంజన్ మోత వస్తుంది. బాపుకి ఇంగ్లీషు ముక్క రాదు. షెడ్డులో ఫియట్ కింద పడుకుని ఉన్నాడు. టేపు రికార్డర్‌లో ఆ మోత వినగానే పాన తిప్పడం ఆపి, 'ఇది నాలుగు సిలిండర్ల మోత కాదు బిడ్డా, ఎనిమిదున్నయ్. మల్ల పెట్టు' అన్నాడు. మళ్ళీ పెట్టాను. పాట మొదలవగానే ఆపించి, మోత వరకే ఐదారుసార్లు విన్నాడు. ఆయన జీవితంలో వీ8 ఇంజన్‌ని ముట్టుకున్నది రెండేసార్లు. ఆ సాయంత్రం మాత్రం పూర్తిగా దానితోనే గడిచింది.

మేడమ్, 1/24 కిట్ బాడీకి నల్లరంగు కొట్టి పైన క్లియర్ (రంగులేని మెరుపు పూత) వేశాను. మర్నాటికి పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారింది. అద్దాల చుట్టూ కూడా తెల్ల పొర వచ్చింది. రంగు నకిలీదా?
– ఓ విద్యార్థి, మల్కాజిగిరి

రంగు మంచిదే అయ్యుంటుంది బాబూ, నువ్వు కొట్టిన రోజు మంచిది కాదు. థిన్నర్ ఎగిరిపోతూ పెయింటు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద కంటికి కనపడనంత మంచులా పడి, ఆరేలోపు లోపల చిక్కుకుంటుంది. ఆ తెల్లదనం అదే. లాకర్ రకం పెయింట్లకి ఈ జబ్బు ఎక్కువ. గీకేయాల్సిన పని లేదు. నాలుగు రోజులు వాన ఆగి, ఎండ కాసినప్పుడు ఉదయం పది దాటాక, నెమ్మదిగా ఆరే థిన్నర్‌ని పైన పల్చగా మంచులా చల్లు. పొర మళ్ళీ కాస్త కరిగి, తేమ బయటికి పోయి, నల్లదనం తిరిగొస్తుంది. సాధారణంగా ఒకసారికే వస్తుంది, మొండిదైతే రెండుసార్లు.

నేను జూన్ నుంచి సెప్టెంబరు దాకా క్లియర్ జోలికే వెళ్ళను. ఆ నాలుగు నెలలూ ఇంజన్లు, సీట్లు, చక్రాలు కడతాను. మన ఊళ్ళో రంగుకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మించిన కాలం లేదు. ఏప్రిల్, మేలలో ఇంకో బాధ, చుక్క బాడీని చేరేలోపే గాలిలో ఆరిపోయి గరుగ్గా కూర్చుంటుంది. అప్పుడు తెల్లవారుజామున కొట్టాలి. ఆరబెట్టడానికి పాత స్టీలు బియ్యం డబ్బా వాడతాను. మూతకి ఒక చిన్న బల్బు, అడుగున మోడల్. దుమ్ము పడదు, వెచ్చగా ఉంటుంది. వెచ్చగా అంటే చేయి పెట్టి ఉంచగలిగేంతే. కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరిన్, వేడికి లొంగే సరుకు. ఒక మే నెలలో మధ్యాహ్నం పూట ఫియట్ డ్యాష్‌బోర్డు మీద ఒక బాడీ మర్చిపోయాను, సాయంత్రానికి దాని కప్పు లోపలికి కుంగింది. ఐదు వారాల పని అది.

అద్దాల తెల్లపొర వేరే సంగతి. ఇన్‌స్టంట్ గమ్ము వాడి ఉంటావు. దాని ఆవిరి అద్దం మీద పేరుకుంటుంది. అద్దాలకి ఫెవికాలే వాడు, పుల్ల కొసతో చుక్క చుక్కగా. తెల్లగా కనపడుతుంది కాని ఆరాక పారదర్శకం. పడ్డ పొరని 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్ది, తర్వాత కారు పాలిష్‌తో మెరిపించు. ఇంకో మాట, ముక్కలు ఫ్రేము నుంచి కోయకముందే గిన్నెల సబ్బుతో మొత్తం కడిగావా? అచ్చులోంచి వచ్చిన నూనె పొర దాని మీద ఉంటుంది. చాలామంది రంగు ఊడిపోవడానికి అసలు కారణం అదే.

మా పదకొండేళ్ళ బాబు కారు కిట్ కావాలని ఏడుస్తున్నాడు. 1/24, 1/25, 1/32 అంటే ఏమిటి? ఏది కొనమంటారు?
– ఓ తల్లి, బోయిన్‌పల్లి

అసలు కారు పొడవుని అన్ని భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత అని అర్థం అమ్మా. 24 కంటే 32 పెద్ద అంకె కదా, కాబట్టి బండి చిన్నది. మొదటిసారి గమ్ము అక్కర్లేని, నొక్కితే కూర్చునే స్నాప్ కిట్ కొనండి. ముక్కలు పెద్దవైతే మేలు, అందుకని 1/24 గానీ 1/25 గానీ. రంగు కొట్టాలని పట్టుబడితే నీళ్ళతో కలిపే యాక్రిలిక్ ఇచ్చి, స్ప్రే డబ్బా మాత్రం మీ చేతిలోనే, వరండాలో, మాస్కుతో. మొదటి బండి వంకరగా వస్తుంది. దిద్దకండి. వాడి పేరూ తారీఖూ అడుగున రాయించి అల్మరాలో పెట్టండి. బాపు నాకు కట్టించిన మొదటి కారు అట్టముక్కలదే, సోడాసీసా మూతలు చక్రాలు. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

హైదరాబాద్‌లో పాత కార్లు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?
– ఓ పాఠకురాలు, మెహదీపట్నం

ముందు చౌమహల్లా ప్యాలెస్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది, అక్కడే ఉంది. బండి వచ్చేనాటికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఏడో నిజాం దాన్ని ఊరేగింపులకే వాడారు. వెళ్ళినప్పుడు మెరుపు చూసి వచ్చేయకండి, వంగి ఆకు స్ప్రింగులు, దీపాల ఇత్తడి పని చూడండి.

తర్వాత జూ పార్కు దగ్గర బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం. కె. సుధాకర్ గారు తన చేతులతో చేసిన బండ్లు. బూటు ఆకారం, వంకాయ ఆకారం, క్రికెట్ బంతి ఆకారం, అన్నీ ఇంజన్‌తో నడిచేవే. 2005లో ఆయన చేసిన 41 అడుగుల పైచిలుకు ఎత్తు మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. పాత సామానుని కొత్త బండిగా మార్చే ఆ కాలిఫోర్నియా కుర్రాళ్ళ చేతిపని మన ఊళ్ళో ఎక్కడుందని ఎవరడిగినా నేను బహదూర్‌పురా పంపిస్తాను.

అక్కా, ఫెరారీల నుంచి జీపుల దాకా కిట్లు దొరుకుతాయి. మా ఇంట్లో మొదటి కారైన అంబాసిడర్ కిట్ కావాలని ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నాను. సొంతంగా చేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, కర్మన్‌ఘాట్

చేసుకోవచ్చు, నేను ఇప్పుడు అదే పనిలో ఉన్నాను. మూడేళ్ళయింది మొదలుపెట్టి.

కొలత నుంచి మొదలుపెట్టండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి 2,464 మిల్లీమీటర్లు. 1/24 లో అది 102.7. ఈ ఒక్క కొలత తప్పిందంటే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా అది అంబాసిడర్‌లా అనిపించదు. పొడవు సుమారు 180 మిల్లీమీటర్లు వస్తుంది. పక్క నుంచి, ముందు నుంచి, వెనక నుంచి, పై నుంచి నాలుగు నక్షలు గీసుకోండి. ఫొటో మీద కొలిచేటప్పుడు జాగ్రత్త, దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు ఉబ్బి కనిపిస్తుంది. ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి, జూమ్ చేసి తీయండి.

తర్వాత అచ్చు. నేను పొనికి కర్ర వాడాను. నిర్మల్ బొమ్మలు చేసే కర్ర అదే, తేలిక, పిల్లల చాకుకి కూడా లొంగుతుంది. చెక్కాక పడ్డ గుంటలు పూడ్చడానికి మొదట కారు లప్పం వాడాను, అది కర్ర మీద బిగిసి పగిలింది. తర్వాత కొండపల్లి బొమ్మలవాళ్ళు చేసే మక్కు గుర్తొచ్చింది. రంపపు పొట్టు, చింతగింజల జిగురు. అది కర్రతోపాటే ఊపిరి తీసుకుంటుంది, పగలదు. అచ్చు చెక్కేటప్పుడు నాలుగు వైపులా 1 మిల్లీమీటరు తక్కువ చెక్కాలి, పైన కప్పే ప్లాస్టిక్ షీటు మందం అంత. ఈ సంగతి నేను మొదటి అచ్చు పూర్తయ్యాక గ్రహించి రెండోది చెక్కాను. నక్షలు గీసి బతికినదాన్ని, ఆ రోజు నిద్ర పట్టలేదు.

1 మిల్లీమీటరు పాలీస్టైరిన్ షీటుని చెక్క చట్రానికి బిగించి, వేడి మీద వేలాడేంత మెత్తబడ్డాక అచ్చు మీదికి దించాలి. అచ్చు కింద రంధ్రాల పెట్టె, దానికి వాక్యూమ్ క్లీనర్ గొట్టం. రెండు క్షణాల్లో గాలి లాగేసి షీటు అచ్చుకి అతుక్కుంటుంది. నాకు తొమ్మిదోసారికి బానెట్ మధ్య వంపు సరిగ్గా దిగింది. ఇప్పుడు బాడీ అయిపోయింది, డోర్ల గీతలు గీశాను, వెనక దీపాలు పాత దువ్వెన ప్లాస్టిక్‌తో చెక్కాను. మిగిలింది ముందు జాలీ.

నేను చేస్తున్నది మార్క్ 2. బాపు షెడ్డుకి ఎక్కువగా వచ్చినవి అవే. ఆ జాలీ గళ్ళు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. మొత్తం ఎన్ని గళ్ళో, ఒక్కో గడి ఎంతో తెలియాలి. ఊళ్ళో నేను చూసినవాటికి చాలావరకు తర్వాతి మోడల్ జాలీలు మార్చేశారు. వనస్థలిపురం తమ్ముడూ, పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోని మీ బండికి అసలు జాలీయే ఉంటుందని నా ఆశ. దుమ్ము తుడిచి, పక్కనే ఒక స్టీలు స్కేలు ఆనించి, ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసి పత్రిక చిరునామాకి పంపండి. ప్లగ్గుల రంధ్రాల్లో ఆయిల్ పోసిన రోజే తీయండి, ఎలాగూ రెండు రోజులు ఆగాలి.